ఆరు గళ్ళ మీటరు

తండయారుపేట డిపోలో
కిలోమీటర్ల చక్రాలు ఇంకా తిరిగే బస్సు ఒక్కటే.
మిగతావాటి అద్దాల వెనక అంకెలు
ఏ సంవత్సరంలోనో నిద్రపోయాయి.
రోజూ రాత్రి పదకొండున్నరకి
డ్రైవర్ ఏకాంబరం కిటికీలోంచి రీడింగు అరుస్తాడు,
నేను రిజిస్టర్లో రాసుకుంటాను.
కునుకు ఆపుకోడానికి కొందరు టైమ్‌కీపర్లు టీ తాగుతారు.
నేను భాగిస్తాను.

ఒకసారి ఒక ప్రధాన సంఖ్య వచ్చింది.
ఒకటితోనూ తనతోనూ తప్ప
ఎవరితోనూ పొత్తు లేనిది.
పక్కన ఎర్ర ఇంకుతో చుక్క పెట్టాను.
మేనేజరు అది డీజిలు దొంగతనం గుర్తనుకుని
రెండు రోజులు విచారణ చేశాడు.

నేను ఎదురుచూసింది మాత్రం వేరే.
రెండు, మూడు, ఐదు, ఏడు,
పదకొండు, పదమూడు, పదిహేడు.
ఈ ఏడుగురినీ గుణించుకుంటూ పోతే
ఐదు లక్షల పదివేల ఐదువందల పది.
నూట ఇరవై ఎనిమిది భాజకాలు దానికి.
తనని వదిలేసి మిగతావి కూడితే
తనకి రెండింతలు దాటిపోతుంది.
అధిక సంఖ్య అంటారు.
సాయంత్రం ఆరింటికి ప్యారిస్ కార్నర్లో
మా బస్సు చూస్తే ఆ మాటకి అర్థం తెలుస్తుంది.

ఏడువందల పద్నాలుగు, ఏడువందల పదిహేను,
పక్కపక్క సీట్లలో కూర్చునే సంఖ్యలు.
గుణిస్తే ఇదే వస్తుంది.
ఒకదాని లోపలి ప్రధానాలు కూడితే ఇరవైతొమ్మిది,
రెండోదానివి కూడినా ఇరవైతొమ్మిదే.
ఎందుకని అడక్కండి.
మూడుసార్లు కూడి, లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

అలాగని అందరికీ లొంగదు.
నాలుగుకి తెగదు, తొమ్మిదికి తెగదు.
ఏ ప్రధానమూ అందులో రెండో టికెట్టు కొనలేదు.
తన అంకెలు కూడితే పన్నెండు,
ఆ పన్నెండుకీ తెగదు, ఆరు మిగులుస్తుంది.
ఊరందరి తగువులూ తీర్చి
ఇంట్లో అన్నం దగ్గర అలిగే
మా పెదనాన్న పెంచలయ్య లాగా.

ఆ రోజు పొద్దుటే ఏకాంబరానికి చెప్పాను,
ఐదువందల పది దగ్గర బండి ఆగాలని.
రాత్రి వాన.
కోరుక్కుపేట గేటు పడింది.
ఎన్నూరు హైరోడ్డు నిండా నీళ్ళు.
చుట్టు తిరిగి వచ్చి, తల తుడుచుకుంటూ అరిచాడు:
"పదకొండు, సార్!"

సరే, దీన్నే భాగిద్దాం.
రెండుతో, ఒకటి మిగిలింది.
మూడుతో, ఒకటి.
ఐదు, ఏడు, పదకొండు,
పదమూడు, పదిహేడు.
ఒకటి, ఒకటి, ఒకటే.
మిగలదూ మరి!
ఏడుగురూ సర్దుకు కూర్చున్న బండికి
ఫుట్‌బోర్డు మీద ఒక్కడు వేలాడుతున్నాడు.
ఎర్ర ఇంకు మూత తీశాను.

కలెక్షను కట్టడానికొచ్చిన కండక్టరు ఎళిలరసి
నా భుజం మీదుగా కాగితం చూసి,
చిల్లర లెక్క ఆపకుండానే
"పందొమ్మిది చూశారా?" అంది.
తాళంచెవి వెతుక్కునేవాణ్ణి
చొక్కా జేబులో చూశారా అని అడిగినట్టు.

చూశాను.
ఇరవైయారు వేల ఎనిమిదివందల అరవైతొమ్మిది.
శేషం లేదు.
దాంతో రెండు గంటల దాకా కొట్టుకుంటే
తొంభైయేడు దగ్గర మళ్ళీ తెగింది.
చివరికి రెండువందల డెబ్బైయేడు,
అది మాత్రం తెగలేదు.
మొత్తం ఎనిమిదే భాజకాలు.
తనని వదిలేసి మిగతావి కూడితే
తనలో పదోవంతు కూడా రాదు.
న్యూన సంఖ్య.
దీపాలన్నీ వెలిగించుకుని
నలుగురితో వచ్చే ఆఖరి ట్రిప్పు.

మర్నాడు అడిగాను, నీకెలా తట్టిందని.
"మీరు పదిహేడులో దిగిపోయారు.
తర్వాతి స్టాపు అదే కదా, సార్" అంది.

ఆ ఏడుగురి పక్కన పందొమ్మిదిని కూడా కూర్చోబెడితే
తొంభైయారు లక్షల పైమాట.
మీటరుకి ఉన్నవి ఆరు గళ్ళు.
ఏకాంబరానికి సర్వీసు ఇంకో నాలుగేళ్ళు.

రిజిస్టర్లో ఆ రాత్రి గడిలో
ఎర్ర చుక్క లేదు.
నల్ల ఇంకుతో, చిన్న అక్షరాల్లో,
ఒక కిలోమీటరు ఎక్కువైనందుకు కారణం రాశాను:
వాన, కోరుక్కుపేట గేటు.